పెద్దమ్మ గీసిన ఎలుగుబంటి

పోయిన ఆదివారం పొద్దున నాచారం నుంచి పెద్దమ్మ ఇంటి ఓనర్ ఫోన్ చేశాడు. "బిడ్డా, మీ పెద్దమ్మ ఇగ లేదు. నిద్రలనే పోయింది" అన్నాడు. ఉప్పల్‌లో ఆటో ఎక్కాను. ఏడుపు రావాల్సిన చోట, ఆ ఓనర్ ఎలుగుబంటి అయిన రోజు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆటో అతను అద్దంలోంచి అనుమానంగా చూశాడు.

మా అమ్మకు అక్క ఆమె. పిల్లల బొమ్మల పుస్తకాలకు జంతువులను గీసేది. కథలు నేను రాసేదాన్ని. జూకు మాత్రం ఎన్నడూ పోలేదు. "జంతువులు ఆడ పండుకొనే ఉంటయ్. మన గల్లీలయే నయం, తిరుగుతుంటయ్" అనేది. రంగు నీళ్ల గ్లాసూ చాయ్ గ్లాసూ పక్కపక్కనే పెట్టుకునేది. రెండూ స్టీలువే. ఒకసారి పచ్చ రంగు నీళ్లు గుటక వేసి, "ఇయ్యాల ఇలాచీ ఎక్కువైంది" అంది.

నా కథలో ఒక ఎలుగుబంటి అందరి తేనె తాగేసి, "నేను కాదు" అంటుంది. పెద్దమ్మ దానికి ఓనర్ పొట్ట పెట్టింది. అంతటితో ఆగితే ఎవరికీ తెలిసేది కాదు. ఆయన మీసమూ, భుజం మీది ఎర్ర గళ్ల తువ్వాలా కూడా గీసింది. ఎలుగుబంటి చూపు మాత్రం పక్కకు తిప్పింది. "జంతువును గీసుడు అల్కనే. దాని సిగ్గును గీసుడే కష్టం" అంది.

ఆ పుస్తకం ఓనర్ మనవరాలి బడికే చేరింది. ఒక సాయంత్రం ఆయన దాన్ని పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ఇల్లు ఖాళీ చేయమంటాడేమో అనుకున్నాను. ఆ ఇంటి పెద్ద కిటికీ వెలుతురు లేకుంటే పెద్దమ్మకు చెయ్యి ఆడదు.

"చెల్లె, ఈ ఎలుగుబంటి నా లెక్కనే ఉన్నదంట. గల్లీ అంత అంటున్రు."

"నిన్ను సూసే గీసిన గద అన్నా" అంది పెద్దమ్మ, కుంచె కూడా దించకుండా.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పేజీలన్నీ తిప్పాడు. "మరి మా ఇంటామె ఏది? అడుగుతున్నది. నెమలైతే మంచిగుంటదంట."

"నెమలి కుదరదన్నా. వదినది బాతు నడక."

ఆయన మెట్ల వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆ ముచ్చట నేను జెప్ప. నువ్వే జెప్పుకో."

ఆ తర్వాత గల్లీ అంతా వరుస కట్టింది. నీళ్ల క్యాన్లు వేసే అతను పులి కావాలన్నాడు. రోజూ ఆలస్యంగా వస్తాడని తాబేలును చేసింది. అతను ఆ బొమ్మను బండికి అంటించుకున్నాడు. ఇప్పటికీ ఆలస్యంగానే వస్తాడు.

పోయినేడు పెద్దమ్మ చెయ్యి వణకడం మొదలైంది. గీత నిలవలేదు. మేకపిల్ల కథతో వచ్చే కొత్త పుస్తకానికి వేరేవాళ్లతో గీయిద్దామని ప్రచురణకర్తలు అన్నారు. ఆ మాట చెప్పలేక చెప్పాను. ఆమె తన చెయ్యి వంక చూసుకుంది.

"నీ కథల వాన పడ్తదా?"

"లేదు పెద్దమ్మా."

"పడనియ్. మేకపిల్లను తడువనియ్. గీ చెయ్యికి వణికే మేకపిల్లనే కావాలె."

కథలో వాన కురిపించాను. మేకపిల్ల ఒంటి మీద ప్రతి వెంట్రుకా వణికింది. ప్రచురణకర్తలు మళ్లీ వేరేవాళ్ల మాట ఎత్తలేదు.

ఆ బొమ్మ పూర్తయిన మధ్యాహ్నం, రంగు తొందరగా ఆరాలని ఫ్యాను జోరుగా పెట్టాను. పెద్దమ్మ మంచం మీద నడుం వాల్చి, కళ్లు మూసుకునే ఉంది.

"జర తగ్గియ్యి బిడ్డా" అంది. "దానికి సలి పెడ్తది."

తగ్గించాను. కిటికీ వెలుతురులో మేకపిల్ల మెల్లగా ఆరింది.