కుదువ పెట్టిన కార్డు

మొగిలి చెయ్యి లేవని రోజు ఆ షెడ్డులో తక్కువ. బేరింగును వంకరగా దిగ్గొట్టినవాడి వీపు మీద పడేది, తప్పు సైజు పైపు తెచ్చిన ట్రాలీ డ్రైవరు చెంప మీద పడేది, ఎవరూ దొరక్కపోతే రేకు గోడ మీద పడేది. ఆ గోడ నిండా మొగిలి పిడికిలి చేసిన సొట్టలే. రోలర్లకు రంగు వేసే పూలమ్మ, కొత్తగా పనిలో చేరినవాళ్ళకు వాటిని చూపించేది.

"గిది పోయిన బతుకమ్మప్పటిది, గిది ఎండకాలంది. జర చూస్కోని చెయ్యి బిడ్డా, గోడ సాలక నీ మూతి మీదికొస్తడు."

మొగిలిది రామగిరి దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్ళ వయసులో గనిలోకి దిగి ముప్పై తొమ్మిదేళ్ళు ఫిట్టరుగా పనిచేశాడు. బొగ్గు మోసే బెల్టు కింద తిరిగే రోలరు చప్పుడు విని, అది ఇంకెన్ని షిఫ్టులు ఆగుతుందో చెప్పేవాడు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా గోదావరిఖని బయట ఒక రేకుల షెడ్డులో పెట్టి, ఆ రోలర్లనే తయారు చేయడం మొదలుపెట్టాడు. ఎనిమిది మంది పనివాళ్ళు. ఇనుము గురించి అతనికి తెలియనిది లేదు. డబ్బు గురించి తెలిసినదల్లా జీతం గురించి తెలిసిందే.

ఆ లోటు పూడ్చడానికి మంథని నుంచి వారానికి మూడు రోజులు వామనరావు వచ్చేవాడు. సహకార బ్యాంకులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసిన మనిషి, సన్నగా, మెల్లగా, అరవై ఎనిమిదేళ్ళ వయసులో కూడా చొక్కా గుండీ మెడ దాకా పెట్టుకుని. మొగిలి చెయ్యి ఎన్నడూ లేవనిది ఆయన ఒక్కరి మీదే.

"చూడు మొగిలీ," అని ఆయన మొదటి నెలలోనే చెప్పాడు. "పైపు ఇవ్వాళ కొంటవు. అది రోలరయ్యేసరికి నెల. కాంట్రాక్టరు పైసలిచ్చేసరికి ఇంకో మూడు నెలలు. పైపులాయనకేమో ముప్పై రోజులకే చెక్కియ్యాలె. నడుమ ఆ మూడు నెలలు నిన్ను మోసేది బ్యాంకు ఇచ్చిన ఇరవై లక్షల లిమిటు. అవి తిరిగే పైసలు. తిరిగినంత సేపే మనయి. ఒక్కకాడ పాతిపెట్టినవా, కంపెనీ ఊపిరి ఆగుతది."

మొగిలి తలూపాడు. రెండేళ్ళకు పాతిపెట్టాడు. మంచిర్యాలలో ఎవరో పాత వెల్డింగు మిషను అమ్ముతుంటే, ఆ లిమిటులోంచి ఏడు లక్షలు తీసి ఆయనకు చెప్పకుండా కొనుక్కొచ్చాడు. చేత్తో రోజుకు ముప్పై రోలర్లు అయ్యేచోట మిషను మీద డెబ్బై అయ్యేవి.

"లాభం పెరగదా పంతులు?"

"పెరుగుతది. జీతాల రోజుకు మాత్రం రాదు."

నిజంగానే రాలేదు. డెబ్బై రోలర్లకు డెబ్బై పైపులు కావాలి, వాటికి డబ్బు కావాలి, అది మిషనులో ఇరుక్కుంది. పైపుల కొట్టుకిచ్చిన చెక్కు ఒకటి తిరిగొచ్చింది. రెండోది కూడా తిరిగొస్తే లిమిటు ఆపేస్తానని బ్యాంకు మేనేజరు మొగిలిని ఎదురుగా నిలబెట్టి చెప్పాడు. మూడు నెలలుగా ఆగిన జీతాలివ్వడానికి మొగిలి ముత్యం దగ్గరికి వెళ్ళి నాలుగు లక్షలు తెచ్చాడు.

ముత్యంది గిరిగిరి వడ్డీ వ్యాపారం. కాలనీల్లో ఆ అప్పుకు కాగితం ఉండదు. కార్మికుడు తన జీతం పడే ఖాతా కార్డును, దాని పిన్ నంబరును అప్పిచ్చినవాడి చేతిలో పెడతాడు. జీతం పడ్డ రోజు వాడు తన వంతు తీసుకుని మిగిలింది ఇస్తాడు. కార్డు కుదువ పెట్టినవాడు దాన్ని బ్యాంకుకు చెప్పి ఆపించడమంటే, పెళ్ళాం పుస్తెలు తెంపి అమ్ముకున్నంత నీచం. అలా చేసిన ఇద్దరిని మొగిలి స్వయంగా బజార్లో తన్నాడు. కాబట్టి ముత్యం కార్డు అడగగానే, గనిలో ఉన్నన్నాళ్ళూ ఇచ్చినట్టే తీసి ఇచ్చాడు. అయితే ఈసారి ఇచ్చింది జీతం కార్డు కాదు, కంపెనీది.

బుధవారం పొద్దున వామనరావు టేబుల్ మీది ఫోను చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"నిన్న కాంట్రాక్టరు బిల్లు ఏడు లక్షల ఇరవై వేలు పడ్డది. నిన్ననే లక్ష ఎవరో తీసిండ్రు. ఎవరు?"

మొగిలి చెప్పాడు. వామనరావు వేళ్ళ మీద లెక్కేశాడు.

"రేపు పైపుల చెక్కు వస్తది. ఆరు లక్షలు. ఆ కార్డు మీద రోజుకు లక్ష వస్తది. ముత్యం ఇయ్యాల ఇంకో లక్ష తీసిండంటే ఉండేది ఐదు లక్షల ఇరవై వేలు. చెక్కు వాపసు, లిమిటు బందు, షెడ్డుకు తాళం. జీతం పైసలు నీయి మొగిలీ. ఇవి నీయి కావు. ఆరు లక్షలు పైపులాయనయి."

"ముత్యాన్ని రెండు రోజులు ఆగుమంట. నా మాట తీసేస్తడా?"

తీసేశాడు. గాజుల దుకాణం మీది గదిలో, బిస్కెట్ డబ్బా నిండా రబ్బరు బ్యాండ్లు వేసిన కార్డులు ముందు పెట్టుకుని కూర్చున్న ముత్యం నవ్వాడు. "ఇయ్యాల రెండు రోజులంటవు, రేపు రెండు నెలలంటవు. గంత ఫికరుంటే గుంజుకపో కాక. నీ కార్డే గద, గీడనే ఉంది."

ఆ మాట మొగిలి నెత్తికెక్కింది. తనను దొంగ కమ్మంటున్నాడు. డబ్బా ఎగిరి కార్డులు నేలంతా చెల్లాచెదురయ్యాయి. మొగిలి ముత్యం కాలరు పట్టి లేపి నుదురుతో ముక్కు మీద కొట్టాడు. నెత్తురు చిమ్మి గోడ మీది క్యాలెండరు తడిసింది. వెనక నుంచి ముత్యం మనిషి షటరు రాడ్డుతో మొగిలి కుడిచేతి మీద వేశాడు. రెండు వేళ్ళు విరిగిన చప్పుడు మొగిలికే వినబడింది. మెట్ల మీద నుంచి తోస్తే కింద పడ్డాడు. పైన డబ్బా ఎగిరినప్పుడు అతని కార్డు పడింది అతని కాలి పక్కనే. దాన్ని తీసుకోకుండానే వచ్చాడు.

షెడ్డుకొచ్చేసరికి వామనరావు ఫోను టేబుల్ మీద పెట్టాడు.

"బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించిన."

మొగిలికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎడమచెయ్యి లేచింది. వామనరావు కుర్చీతో సహా పక్కకు ఒరిగి పడ్డాడు. కళ్ళజోడు వెళ్ళి రోలర్ల కుప్పలో పడింది.

"తెరిపియ్యి! ఇప్పుడే తెరిపియ్యి! నన్ను బజార్ల నిలబెడ్తవా?"

"తెరుచుడు నా చేతిల లేదు," అన్నాడు ఆయన నేల మీదనుంచే, దవడ పట్టుకుని. "కొత్త కార్డు రావాలె. వారమైతది."

మొగిలి టేబుల్ ఎత్తి గోడకేసి కొట్టాడు. పూలమ్మ రంగు బ్రష్షు పడేసి పరుగున వచ్చి ముసలాయనను లేపింది. "తూ నీ బతుకు! తండ్రసుంటోన్ని కొడ్తవా? గా చెయ్యి గూడ ఇరిగితే మంచిగుండు!" అంది. మొగిలిని ఆ మాట ఎవరూ అనలేదు ఇంతవరకు. అతను బయటికి వెళ్ళి ఎండలో కూర్చున్నాడు.

గురువారం వామనరావు వచ్చాడు. చెంప వంకాయ రంగులో ఉబ్బి ఉంది, కళ్ళజోడుకు ఒక అద్దమే మిగిలింది. "నీ కోసం రాలే," అన్నాడు. "చెక్కు కోసం వచ్చిన." ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

పదకొండింటికి ముత్యం ఇద్దరు మనుషులతో వచ్చాడు. ముక్కు మీద పట్టీ. చేతిలో అదే రాడ్డు. పనివాళ్ళు సుత్తులు అందుకున్నారు.

"దించుండ్రి," అన్నాడు మొగిలి. "ఎవడన్న చెయ్యి లేపితే వాని చెయ్యి నేనే ఇరుస్త."

"కార్డు ఎవడు ఆపిచ్చిండు?" అని అడిగాడు ముత్యం.

వామనరావు లేవబోయాడు. "ముత్యం, అది..."

"పంతులు, నువ్వు ఫోన్ సూడు," అని మొగిలి ముందుకొచ్చాడు. "నేనే ఆపిచ్చిన."

మొదటి దెబ్బ భుజం మీద, రెండోది మోకాలి వెనక. మోకాళ్ళ మీద పడ్డవాణ్ణి ఇద్దరూ డొక్కల్లో తన్నారు. ముప్పై తొమ్మిదేళ్ళ గని పనిలో రాయి పడ్డా, తీగ తెగి తగిలినా చేతులు అడ్డం పెట్టకుండా ఉన్నది లేదు. ఇప్పుడు పెట్టలేదు. విరిగిన వేళ్ళ మీద ఎవడిదో చెప్పు పడింది. కళ్ళముందు నల్లబడింది. ఎడమచెయ్యి తనంతట తానే లేవబోతే నేలకేసి నొక్కి పట్టాడు. పూలమ్మ అరుస్తోంది, పనివాళ్ళు బూతులు తిడుతున్నారు.

"పంతులు... అయిందా?"

"ఇంకా లేదు!" వామనరావు ఫోను మీంచి కళ్ళు తీయలేదు.

కనుబొమ్మ చిట్లి నెత్తురు కంట్లోకి దిగింది. నోట్లో పన్ను కదిలింది. ఇంకో తన్ను. ఇంకోటి. వామనరావు ఒళ్ళో ఫోను మోగింది.

"పాసైంది! ఆరు లక్షలు పాసైంది మొగిలీ!"

మొగిలి నెత్తురు ఉమ్మి తలెత్తాడు. "ముత్యం, నీకింకెంత రావాలె?"

ముత్యం రొప్పుతున్నాడు. "లక్ష తీసిన. ఇంక మూడు లక్షలు, వడ్డీ ఇరవై వేలు."

"మిషను అమ్మి నీ చేతిల పెడ్త. పది రోజులు. కార్డు మాత్రం ఇయ్య."

"కార్డు లేంది నీకు ఈ ఊర్ల ఎవడిస్తడు కాక?"

"ఎవడియ్యద్దు."

ముత్యం మిషను వైపు చూశాడు, అది ఎంత చేస్తుందో కళ్ళతోనే తూచాడు. రాడ్డు ఒక్కసారి లేపి మొగిలి వీపు మీద దించాడు. "గిది నా ముక్కుకు," అని మనుషులను తీసుకుని వెళ్ళిపోయాడు.

పూలమ్మ బిందె తెచ్చి మొగిలి తల మీద నీళ్ళు గుమ్మరించింది. ఎర్రగా పారాయి. అతను లేవలేక అక్కడే గోడకు చేరబడ్డాడు.

"మంచిర్యాలాయనకు ఫోన్ కొట్టు పంతులు. మిషను తీస్కపొమ్మను."

"బ్యాంకు పైసలతోటి కొన్నది, అమ్మేముందు వాళ్ళకు ఒక ఉత్తరం రాయాలె. ఈయనకు ఎంత చెప్పాలె?"

"ఐదున్నర. నాలుగున్నరకు తక్కువ వద్దు."

వామనరావు ఒంటి అద్దంలోంచి నంబరు వెతికి నొక్కాడు. మొగిలి వాచిన కంటితో ఆయన చెంప వైపు చూశాడు.

"దవడ నొస్తుందా?"

"నొస్తుంది," అన్నాడు వామనరావు. "మాట్లాడకు, ఫోన్ ఎత్తిండు."