కింద ఇంటి చలి

మెంగ్ అవ్వ ఇంట్లో నేల వేడెక్కడం లేదన్న సంగతి ఆ భవనంలో అందరికంటే చివర తెలిసింది తాక్ మన్‌సిక్‌కే. అప్పటికే ఆవిడ ఐదంతస్తులూ చాటింపు వేసేసింది. ఆకులు రాలే రోజుల్లో మన్‌సిక్ వచ్చి, నేల కింది వేడినీళ్ళ గొట్టాలకి కొత్త పంపు బిగించాడట, ఆనాటి నుంచే నేలకి ప్రాణం పోయిందట.

మన్‌సిక్‌కి అరవై దాటి చాలా కాలమైంది. కొండల్లోని బొగ్గు ఊరు తేబేక్‌లో గనులు ఒక్కొక్కటే మూతపడుతుంటే ఊరు సగం ఖాళీ అయింది గానీ అతను కదల్లేదు. మనుషులు మిగిలినన్నాళ్ళు నేలలు మిగులుతాయి, నేలలు మిగిలినన్నాళ్ళు తనకి పని ఉంటుందని అతని లెక్క. పనిసంచి భుజాన వేసుకుని మూడో అంతస్తు ఎక్కాడు.

"రావయ్యా మేస్త్రీ, రా. చెప్పులు విప్పి నిలబడి చూడు. చలికి అరికాలు నేలకి కరుచుకుంటుందేమో జాగ్రత్త."

"ముందు గుక్కెడు ఏదైనా తాగడానికివ్వు అవ్వా."

"బార్లీ నీళ్ళున్నాయి. నీ పనితనంలాగే చల్లారిపోయాయి."

అవ్వ గోడు ఇది. రాత్రి పడుకోబోతూ నీళ్ళు కాచే బాయిలర్ తగ్గిస్తుంది, తెల్లారి లేచి పెంచుతుంది. పోయినేడు దాకా అన్నం ఉడికేలోపు కాళ్ళకి వెచ్చదనం తెలిసేది. ఇప్పుడు మధ్యాహ్నం భోజనం అయ్యాక కూడా తెలియడం లేదు. అదొక్కటైతే ఓర్చుకునేదేమో. నేల మీద అన్నిటికంటే వెచ్చటి మూల, దుప్పట్ల కింద, ఆవిడ ఏటా చోంగ్గుక్‌జాంగ్ పులియబెడుతుంది. ఉడికించిన సోయా గింజలు వెచ్చదనంలో మాగి తీగలు సాగాలి. ఈ ఏడు రెండుసార్లు పెడితే రెండుసార్లూ తీగ సాగలేదు, ఊరికే కుళ్ళిపోయాయి. నలభై ఏళ్ళ చెయ్యి అది. ఈ మూడోసారి కూడా పోతే ఇక కుండ ముట్టనని ఒట్టు పెట్టుకుంది.

మన్‌సిక్ చెయ్యాల్సినవన్నీ చేశాడు. వంటగట్టు కింద గొట్టాలు చీలే చోట గాలి వదిలాడు. జల్లెడ తీసి మడ్డి కడిగాడు. పంపు మీద చెవి ఆనించి విన్నాడు, నిద్రపోతున్న పిల్లిలా సన్నగా గురక పెడుతోంది. నేలలోకి వెళ్ళే గొట్టం చెయ్యి కాలేంత వేడిగా ఉంది. తిరిగొచ్చే గొట్టం పట్టుకుంటే చల్లన. అంటే నీళ్ళు తిరుగుతున్నాయి, వేడిని నేలకి ఇచ్చే వస్తున్నాయి. ఆ ఇచ్చిన వేడి ఎటు పోతున్నట్టు?

"పంపులో తప్పు లేదు అవ్వా."

"అయితే తప్పు నా కాళ్ళదంటావా?"

వేరే మేస్త్రీ అయితే అక్కడితో సంచి సర్దుకునేవాడు. పాత కట్టడం, పాత గొట్టాలు, ముసలి కాళ్ళు అని ఏదో ఒకటి అనేసి. మన్‌సిక్‌కి ఆ మాట నోట రాదు. కారణం తెలియకుండా ఒక నేలని వదిలి వెళ్ళడం అతని వల్ల కాదు.

దాని వెనక ఒక కథ ఉంది. లోకంలో చలి ప్రాంతాల వాళ్ళు చాలామంది మంట చుట్టూ మూగుతారు. మొహం మాడుతుంది, వీపు వణుకుతుంది. మన్‌సిక్ పుట్టిన చోట మంటని నేల కిందకి పంపి దాని మీద పడుకుంటారు. హాయైన ఏర్పాటే. అయితే కంటి ముందున్న మంటని కనిపెట్టినట్టు కాళ్ళ కింది మంటని కనిపెట్టలేం. మన్‌సిక్ చిన్నప్పుడు గనికూలీల వరస ఇళ్ళలో నేల కింద బొగ్గుబిళ్ళలు కాల్చేవారు. ఒక శీతాకాలం తెల్లవారుజామున అతన్నీ అక్క సున్‌జెనీ గదిలోంచి మంచులోకి ఈడ్చారు. తల్లి ఇద్దరి నోళ్ళలోనూ ముల్లంగి పచ్చడి నీళ్ళు పోసింది. ఆ రోజుల్లో అదే మందు. అతను కక్కుకుని లేచాడు, అక్క లేవలేదు. నేలలో ఎక్కడో పగులుండి విషపు గాలి పైకి వచ్చింది. ఎక్కడ పగిలిందని ఎవ్వరూ వెతకలేదు. పిల్ల రాత అనుకుని నేల మీద పరిచే నూనె కాగితం కొత్తది అతికించి, పై నెలలో ఇంకొకరికి అద్దెకిచ్చారు. ఆ కాగితం కింద ఏముందోనన్న ఆలోచనే అతన్ని ఈ పనిలోకి తెచ్చింది.

మన్‌సిక్ బోర్లా పడుకుని చెంప నేలకి ఆనించాడు. చలి గోడల వైపు నుంచి రావడం లేదు. అడుగు నుంచి తన్నుకొస్తోంది.

"అవ్వా, కింద ఎవరుంటారు?"

"ఇంకెవరు, గూ చున్‌బొ. గనిలో పనిచేసిన మొండి ముసలోడు. నేను సోయా పెట్టిన ప్రతిసారీ కంపు కంపని చీపురుకర్రతో కప్పు పొడుస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే తంతు."

"ఈ ఏడు పొడిచాడా?"

అవ్వ తల వంచి తన కాళ్ళ కింది నేల వైపు చూసింది. రెండు కుండలు కుళ్ళితే వాసనకి మెట్ల మీద పిల్లులు కూడా నిలవలేదు. కింద నుంచి మాత్రం చప్పుడు లేదు.

"ఎండాకాలంలో పెళ్ళాం పోయింది కదా, బుద్ధొచ్చిందేమోలే అనుకున్నాను" అంది అవ్వ, గొంతు తగ్గించి.

మన్‌సిక్ అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. వెనకే అవ్వ, ఇంటి చెప్పులతోనే, గోడ పట్టుకుని దిగింది.

తలుపు కొడితే పలుకు లేదు. గంట నొక్కితే లేదు. మన్‌సిక్ అరచేయి ఇనుప తలుపు మీద పెట్టాడు. వీధిలో ఎంత చల్లగా ఉందో అంత చల్లగా ఉంది. అవ్వ అతన్ని పక్కకి నెట్టి పిడికిలితో బాదింది.

"ఒరేయ్ గూ చున్‌బొ! నా కుళ్ళు కంపు నీ ముక్కుకి తగలడం లేదా? వచ్చి తిట్టరా నన్ను! ఒక్కసారి తిట్టి చావు!"

చాలాసేపటికి లోపల దగ్గు వినిపించింది. బొగ్గుదుమ్ము మింగిన ఊపిరితిత్తుల దగ్గు. అవ్వ పిడికిలి దించింది.

తలుపు తీసిన మనిషి గనిలో వేసుకున్న పాత కోటులో, ఉన్ని టోపీలో ఉన్నాడు. ఊపిరి వదిలితే తెల్లగా ఆవిరి. కుళాయి గడ్డకట్టకుండా సన్నటి ధార వదిలి ఉంచాడు. బాయిలర్ ఆపేసి ఉంది. అవ్వ నేల వేడంతా ఈ చల్లటి ఇంట్లోకే దిగిపోతోంది.

"పాడైందా అన్నా? నాకు కబురు పెట్టకూడదా?"

"పాడవలేదు. నేనే ఆపాను." గూ పడకగది వైపు చూశాడు. పరుపు పరిచే ఉంది, తలగడ సర్దే ఉంది. "ఆసుపత్రిలో పోయింది మా ఆవిడ. అక్కడే కింద గదిలో పెట్టారు, అక్కడి నుంచే తీసుకుపోయారు. ఇంటికి రానేలేదు. మా అమ్మ పోయినప్పుడు పాడె లేచేదాకా గదికి మంట పెట్టలేదు, చల్లగా ఉంచి కాపలా కాశాం, వెళ్ళాకే వెలిగించాం. ఈవిడకి అదీ జరగలేదు. ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు వెళ్ళిందనుకోవాలో నాకు తెలియలేదు. మంట పెడితే... వెళ్ళిపొమ్మన్నట్టు కదా?"

మన్‌సిక్ చేతిలో పానా ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు.

జవాబు చెప్పింది అవ్వే. లోపలికొచ్చి ఆ చల్లటి నేల మీద చతికిలబడింది. "వచ్చే ఉంటుంది. వచ్చి, నువ్విలా వణకడం చూసి కదల్లేక ఇక్కడే ఉండిపోయి ఉంటుంది. ఎంతకాలమని నిలబెడతావు దాన్ని?"

గూ ఆ తలగడ వైపు ఒకసారి చూసి పక్కకి జరిగాడు, బాయిలర్ వైపు మన్‌సిక్‌కి దారి వదులుతూ.

అన్నాళ్ళు చల్లబడ్డ నేల తొందరగా లేవదు. సాయంత్రం దాకా ముగ్గురూ అక్కడే కూర్చున్నారు. మొదట పడకగది మూల కాస్త వెచ్చబడింది. గూ టోపీ తీసి ఆ మూల మీద చెయ్యి వేశాడు. మొహం గోడకి తిప్పుకున్నాడు. అవ్వ చూడనట్టే కూర్చుంది.

ఆ మూడో కుండ తీగ సాగింది. మరునాడు కింద నుంచి చీపురుకర్ర చప్పుడు రెండుసార్లు వినిపించిందట. అవ్వ ఆ సంగతి కూడా ఐదంతస్తులూ చాటింది.

గూ చున్‌బొ ఇంకో రెండు శీతాకాలాలు బతికాడు. అతను కూడా ఆసుపత్రిలోనే పోయాడు. కబురు తెలిశాక అవ్వ మన్‌సిక్‌ని పిలిచి కింద ఇంటి తాళంచెవి చేతిలో పెట్టింది. గూ ఎప్పుడో ఆవిడకిచ్చి ఉంచిన తాళంచెవి.

"బాయిలర్ ఆపెయ్. పాడె లేచేదాకా చల్లగా ఉంచు."

"నీ నేల చల్లబడుతుంది కదా అవ్వా."

"చల్లబడనీ."

మూడోరోజు ఆసుపత్రి నుంచి శవాన్ని తీసుకెళ్ళాక మన్‌సిక్ ఒక్కడే ఆ ఇంట్లోకి వెళ్ళాడు. సామాను అలాగే ఉంది. అతను బాయిలర్ వెలిగించి, చెప్పులు విప్పి, నేల మీద కూర్చున్నాడు. పైన అవ్వ అడుగుల చప్పుడు అటూ ఇటూ తిరిగి, సరిగ్గా అతని తల మీదికి వచ్చి ఆగింది. ఎవరూ లేని ఇంటి నేల నెమ్మదిగా, తనకి పట్టేంత కాలం తీసుకుని, వేడెక్కసాగింది.