కార్పెట్ మీద ఏడో నంబరు

ఫిల్టర్‌లో కాఫీ దిగేలోపు బాలమణి రోజూ ఒక పని చేస్తుంది. ఎడమ భుజం మీద రుమాలు మడిచి వేసుకుని, వయొలిన్‌ని గడ్డం కింద ఇరికించి, రెండు చేతులూ వదిలేసి వంటింట్లో నిలబడుతుంది. వాయించదు. కాఫీ దిగగానే తీసి పెట్టెలో పెట్టేస్తుంది.

గుంటూరులో పెరిగిన రోజుల్లో ఆమె వయొలిన్‌కి గడ్డంతో పనే లేదు. బాసింపట్టు వేసుకుని కూర్చుని, దాని తలని కుడిపాదం మీద ఆనించి వాయించేది. ఆమెది పక్కవాద్యం. పాడేవాళ్ల వెనకాలే నడవాలి. మిషన్ స్కూల్లో ఒక సిస్టరమ్మ పాశ్చాత్య సంగీతపు లిపి కూడా నేర్పింది గాని, అదెందుకు పనికొస్తుందో అప్పట్లో ఎవరికీ తెలియదు.

భర్త భీమశంకరం పొగాకు మీద పరిశోధన చేసేవాడు. ఆ ఆకే ఇద్దరినీ 1977లో నార్త్ కరోలినా తీసుకొచ్చింది. మోరిస్‌విల్ అనే ఊరికి అరగంట దూరంలో ఇంకో చిన్న ఊరు. కారు అద్దం దించితే అచ్చం గుంటూరు పొగాకు వాసన. పాడేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. పాటే లేని చోట పక్కవాద్యం ఎవరి పక్కన వాయించాలి? బాలమణి పెట్టె తెరవడం మానేసింది.

ఆ ఊళ్లో ఒక సింఫనీ ఆర్కెస్ట్రా ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఒక పళ్ల డాక్టరు, ఇద్దరు స్కూలు టీచర్లు, చర్చిలో ఆర్గన్ వాయించే ఒకావిడ కలిసి మొదలెట్టారు. పొగాకు వేలాలు జరిగిన పాత గోడౌన్‌లో రిహార్సల్స్. ఒక సాయంత్రం భర్తతో కచేరీకి వెళ్లిన బాలమణి, అన్ని వయొలిన్ల కమానులూ ఒక్కసారే లేచి ఒక్కసారే దిగడం చూసింది. ఇల్లు చేరగానే భర్తతో అంది.

"నాకు అక్కడ కూర్చోవాలనుందండీ."

"కూర్చోవే. టికెట్ కొంటే ఎవరొద్దంటారు?"

"జనంలో కాదు. వాళ్లలో."

1979 వసంతంలో ఆడిషన్ పెట్టారు. వాయించేది ఆడో మగో, తెల్లవాళ్లో నల్లవాళ్లో తెలియకూడదని ఆ ఏడాదే కొత్తగా తెర కట్టారు. పేర్లు లేవు, నంబర్లే; బాలమణిది ఏడు. చెప్పుల చప్పుడు కూడా మనిషిని పట్టిస్తుందని తెర వెనక కార్పెట్ పరిచారు. ఇది బాలమణికి ఎవరూ చెప్పలేదు. వేదిక మీద తివాచీ కనిపిస్తే ఆమెకు తెలిసిన అర్థం ఒక్కటే. అంచున చెప్పులు విడిచింది. అక్కడున్న కుర్చీలో హ్యాండ్‌బ్యాగ్ పెట్టింది. సంగీతం కాగితాలు ముందు పరుచుకుని కింద కూర్చుంది.

వాయించడం అయ్యాక తెర అవతల నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏడో నంబరు. నాకతనే కావాలి" అన్నాడు ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ హాస్కిన్స్.

తెర జరిపారు. ఎవరో కెవ్వుమన్నారు. ఇద్దరు మగవాళ్లు పరుగెత్తుకొచ్చి ఆమె రెక్కలు పట్టుకోబోయారు.

"మేడమ్, ఆర్ యూ హర్ట్?"

"నో, నో. ఐ యామ్ సిట్టింగ్."

ఎవరూ నవ్వలేదు. చీర కట్టుకుని నేలమీద కూర్చున్న ఆ మనిషినీ, పాదం మీద ఆనిన వయొలిన్‌నీ మార్చి మార్చి చూస్తూ నిలబడిపోయారు. చివరికి హాస్కిన్స్, సెప్టెంబర్‌లో రమ్మన్నాడు. కుర్చీలో కూర్చుని, గడ్డం కింద పెట్టుకుని వాయిస్తే మళ్లీ వింటానన్నాడు.

బయట కారులో భీమశంకరం ఎదురుచూస్తున్నాడు.

"ఏమైంది? చోటు రాలేదా?"

"వచ్చిందండీ. నేల మీద వచ్చింది. కుర్చీలో ఇంకా రాలేదు."

ఆ వేసవంతా వయొలిన్ గడ్డం కిందే. కూరలు తరుగుతున్నా అక్కడే, ఫోన్‌లో మాట్లాడుతున్నా అక్కడే. మెడ పట్టేసింది, దవడ కింద చర్మం ఒరుసుకుపోయింది. "ఫిడేలు ఉప్మాలో పడితే తీగలతో సహా తినేస్తాను, నాకేం ఫర్లేదు" అనేవాడు భీమశంకరం, ఆమె మెడకి అమృతాంజనం రాస్తూ.

సెప్టెంబర్‌లో తెర లేదు. కుర్చీలో కూర్చుని, పొల్లు పోకుండా వాయించింది. కళ్లు మూసుకుని విన్న హాస్కిన్స్ కళ్లు తెరిచాడు.

"తప్పు ఒక్కటీ లేదు. కానీ ఆ రోజు తెర వెనక నుంచి విన్న వాయింపు ఇది కాదు. నేను ఎంచుకున్నది ఈ మనిషిని కాదు."

మీరు చెప్పినట్టే చేశాను కదా అనుకుంటూ బాలమణి వయొలిన్ దించి ఒళ్లో పెట్టుకుంది. సెకండ్ వయొలిన్లనే జట్టుకు పెద్ద అయిన రూత్ అనే టీచరు అందుకుంది. "పోనీ, నేల మీదే కూర్చోనిద్దామా?"

"స్టేజీ మీదా? ఆర్కెస్ట్రా కమిటీ ఒప్పుకోదు" అన్నాడు హాస్కిన్స్. ఆఖరి వరసలో ఆఖరి కుర్చీ ఉంది, ఒక్క ఏడాదికి. వద్దనుకుంటే ఇంట్లో ఎలా కావాలంటే అలా కూర్చుని వాయించుకోవచ్చు.

ఇంట్లో వాయించడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. మూత తీయని పెట్టె గుర్తొచ్చింది.

"లాస్ట్ చెయిర్" అంది.

ఏడాది మూడేళ్లయింది. ఆఖరి కుర్చీ నుంచి ఆమెను ఎవరూ లేపలేదు, ముందుకీ పిలవలేదు. 1982లో ఒక రిహార్సల్ మధ్యలో హాస్కిన్స్ చెయ్యెత్తి అందర్నీ ఆపేశాడు.

"వెనక ఎవరది?"

అరవై తలలు తిరిగాయి. తప్పు దొర్లిందనుకుని బాలమణి కమాను గాలిలోనే బిగుసుకుపోయింది.

"ఏడో నంబరు" అంది రూత్, వెనక్కి చూడకుండానే.

"ఇన్నాళ్లకి వచ్చిందన్నమాట" అని హాస్కిన్స్ తాళం చూపే కర్ర మళ్లీ ఎత్తాడు.

ఆర్కెస్ట్రా 1988 దాకా నడిచింది. పొగాకు వ్యాపారం ఊరు విడిచిపోయాక విరాళాలిచ్చేవాళ్లూ పోయారు. ఒక మంగళవారం రిహార్సల్‌కి వెళ్తే గోడౌన్ తలుపుకి గొలుసు వేసి ఉంది. బాలమణి, రూత్ వయొలిన్ పెట్టెలు పట్టుకుని పార్కింగ్‌లో నిలబడిపోయారు.

బాలమణి ఇప్పుడు మోరిస్‌విల్‌లో ఉంటోంది. ఆదివారాలు గుడిలో, అమెరికాలోనే పుట్టిన పిల్లలు కీర్తనలు పాడుతుంటే పక్కవాద్యం వాయిస్తుంది. పిల్లలు కింద కూర్చుంటారు. మోకాళ్లు వంగవు కాబట్టి ఆమె కుర్చీలో కూర్చుని, వయొలిన్ గడ్డం కింద పెట్టుకుంటుంది.