ఘాటు దిగడానికి ఎన్ని పళ్ళు

బండి ఎత్తు పెంచిన కొత్తలో దాని కింద నుంచి ఒక ఏనుగు దూరి వెళ్ళిపోయిందని పార్వతీపురం వైపు మనుషులకి చెప్పాను. నమ్మలేదు. గున్న ఏనుగని సవరించాను. అప్పటికీ తల ఊపకపోతే చివరికి గేదె దూడ దగ్గర బేరం తెగింది. నిజానికి నేను ఎత్తింది నాలుగు వేళ్ళు. పికప్పు కమాను కట్టల మీద దిమ్మలు వేయించి, పాత టైర్లు పీకించి, రెండు సైజులు పెద్దవి ఎక్కించాను. సాలూరు ఘాటు రోడ్డు ఎక్కాక సంత జరిగే ఊరికి తారు రోడ్డు వదిలి రాళ్ళ దారిలో పోవాలి. వారానికో రాయి బండి అడుగుని గీకి పెట్టేది.

మా ఆవిడది శ్రీకాకుళం అవతల సముద్రపొడ్డు ఊరు. ఎండు చేప ఆమె అన్న పంపిస్తాడు. వారానికోసారి మేం ఆ మూటలు కొండ మీదికి పట్టుకెళ్ళి, అక్కడ చింతపండు, అల్లం, పసుపు కొని కిందికి తెస్తాం. నడిపేది నేను, వ్యాపారం ఆమెది. కొండ మనుషులతో వాళ్ళ మాటలో, మధ్యలో ఒడియా ముక్కలు కలిపి మాట్లాడుతుంది. నేను నోరు విప్పితే వాళ్ళు నవ్వుతారు గానీ సరుకు దించరు.

పెద్ద టైర్లతో రాళ్ళ బాధ తీరి ఘాటు బాధ మొదలైంది. మూడో గేరులో ఎక్కే చోట రెండోది వెయ్యాల్సి వచ్చేది, రెండో దాంట్లో ఎక్కే చోట మొదటిది. స్పీడు ముల్లు కూడా తప్పు చెప్పడం మొదలుపెట్టింది. బండి అరవై దాటి పోతుంటే అది యాభై నాలుగంటుంది. ఉన్నదానికంటే తక్కువ చెప్పే అబద్ధం మా ఇంటా వంటా లేదు, నాకది వింతగా తోచింది.

ఒక గురువారం సంత ముగించుకుని ఇంటికి వచ్చాక ఆమె సంచీ తీసుకుని దిగి, తలుపు నెమ్మదిగా వేసింది. కోపంగా వేసి ఉంటే నవ్వేసేవాణ్ణి.

"నీ బండి నువ్వు నడుపుకో. నానింక ఎక్కను" అంది.

ఆమె ఎక్కకపోతే సంత లేదు. సంత లేకపోతే మేమిద్దరం చెయ్యగల పని ఇంకొకటి లేదు. ఇంజన్‌కి బలం చాలక ఎక్కేటప్పుడు గుంజుకుంటోంది, అదే ఆమెకి చిరాకు అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా కూడా ఉంది.

సాలూరులో లారీలు బాగుచేసే షెడ్లలో ఒకాయన ఉన్నాడు. ముప్పై ఏళ్ళుగా వెనక ఇరుసు మధ్య గేర్లుండే హౌసింగు తప్ప మరొకటి ముట్టుకోడు. మా ఆవిడకి అన్న వరస, కాబట్టి నన్ను బావా అంటాడు. నేను ఖాళీ బండి తీసుకుని వెళ్ళాను. ఆమె బస్సులో వచ్చింది. బస్సే ముందు చేరింది.

ఆయన వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపి, రెండోది కదలకుండా రాయి పెట్టి, ఇంజన్ వైపు నుంచి వచ్చే షాఫ్టు మీద సుద్దముక్కతో గీత గీశాడు. లేపిన చక్రాన్ని రెండు నిండు చుట్లు తాను తిప్పుతానని, ఆ లోపు షాఫ్టు ఎన్నిసార్లు తిరిగిందో చూడమని నన్ను కింద కూర్చోబెట్టాడు. ఐదన్నాను. నాలుగనేది మరీ చిన్న అంకెలా అనిపించింది కాబోలు. ఆయన మళ్ళీ తిప్పి తానే వంగి చూసుకున్నాడు. నాలుగు, పైన కాస్త. రెండో చక్రం కదలదు కాబట్టి ఇది రెండు చుట్లు తిరిగితే లోపల పెద్ద పళ్ళ చక్రం ఒక్క చుట్టే తిరుగుతుందట.

అంటే పినియన్ అనే చిన్న పళ్ళ చక్రానికి పది పళ్ళు, క్రౌను అనే ఆ పెద్దదానికి నలభై ఒకటి. చిన్నది నాలుగుసార్లకి పైగా తిరిగితే పెద్దది ఒక్కసారి తిరుగుతుంది, దాంతో రోడ్డు మీద రెండు చక్రాలూను. టైరు పెద్దదైతే అదే ఒక్క చుట్టుకి బండి ఎక్కువ దూరం పోవాలి, అంత పని ఇంజన్ చెయ్యలేదు. చిన్నది ఇంకా ఎక్కువసార్లు తిరిగే జత వెయ్యాలి. ఆయన దగ్గర రెండు జతలున్నాయి. తొమ్మిదికి నలభై ఒకటి ఒకటి, ఎనిమిదికి ముప్పై తొమ్మిది ఇంకొకటి. మొదటిది వేస్తే హైవే మీద హాయిగా పోతుంది, ఘాటులో కొంచెం వెలితి ఉంటుంది. రెండోది వేస్తే ఘాటులో పట్టు ఉంటుంది, హైవే మీద ఇంజన్ ఏడుస్తుంది. ఏది వెయ్యాలో నువ్వు నడిపే తీరే చెబుతుంది, ఎలా నడుపుతావని అడిగాడు.

చెప్పాను. బరువు పెద్దగా ఉండదన్నాను. డాష్ మీద టీ గ్లాసు పెట్టి తొణక్కుండా మూడో గేరులో ఎక్కుతానన్నాను. విజయనగరం నుంచి విశాఖపట్నం ముప్పావు గంటన్నాను. అన్నీ విని ఆయన తొమ్మిది పళ్ళ జత కోసం లేచాడు.

అప్పుడు మా ఆవిడ బల్ల మీద నుంచి లేవకుండానే అంది.

"ఎక్కీది సెప్పాడన్నా. దిగీది అడుగు."

ఆయన ఆగాడు. నేను టైర్ల వైపు చూశాను.

"పైకెల్లినప్పుడు ఏటుంటాది, ఎండు సేప. బరువంతా దిగినప్పుడే, సింతపండూ అల్లమూను. రెండో గేరులో ఏసినా బండి ఆగదు. బ్రేకు తొక్కుకుంటా తొక్కుకుంటా వస్తాడు. కాలిన వాసనొస్తాది. టీ అని సెప్పి మలుపు కాడ ఆపి, నాకు కనపడకుండా సక్రాల మీద నీల్లు పోస్తాడు."

మొదటి గేరు వేస్తే వెనక లారీలు హారను కొడతాయని నేనేదో అన్నాను. ఆయన నా పక్కకి వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"బావా, మనుసులకి ఎన్నైనా సెప్పు. ఈ క్రౌనుకి సెప్పకు."

అందుకని నిజం చెప్పాను. ఆ గురువారం ఆఖరి మలుపులో బ్రేకు పెడల్ మెత్తబడి నేల దాకా పోయింది. రెండోసారి తొక్కితే పట్టింది. ఆ రెంటి మధ్య ఎంతసేపో నేను చెప్పలేను. అలాంటి వాటిని కొలిచే అలవాటు నాకు లేదు, పెంచే అలవాటే ఉంది. ఆమెకి తెలీదనుకున్నానని కూడా అన్నాను.

"నీ మొకం సూసినాను" అంది ఆమె.

తరవాత చాలా రోజులు దీని గురించే ఆలోచించాను. నేను చెప్పుకున్న ఘాటు కథల్లో బండి ఎప్పుడూ ఎక్కుతూనే ఉంటుంది. దిగే కథ ఒక్కటీ లేదు. ఎక్కలేకపోతే బండి ఆగిపోతుంది, నలుగురూ నవ్వుతారు, అంతే. నవ్వుని నేను కథతో కప్పేయగలను. దిగేటప్పుడు భయపడినవాడికి కప్పుకోవడానికి ఏమీ లేదు, అందుకని పక్కన కూర్చున్న మనిషికి కూడా చెప్పలేదు. ఆమెని కాపాడుతున్నాననుకున్నాను. దాచింది నన్ను.

ఎనిమిది పళ్ళ జత పడింది. పళ్ళకి ఎర్రరంగు రాసి తిప్పి, మచ్చ సరిగ్గా పంటి నడుమ పడేదాకా ఆయన రెండు రోజులు కూర్చున్నాడు. బ్రేకు లైనింగులూ ఆయిలూ మార్చకుండా బండి బయటికి పంపనన్నాడు. గేరు బ్రేకుకి సాయమేగానీ బ్రేకు కాదట. వేడెక్కిన బ్రేకు డ్రమ్ము మీద నీళ్ళు పోస్తే పగులుతుందని కూడా చెప్పాడు, నా వైపు చూడకుండా.

ఒక్కసారి ఎక్కుతాను, దిగినాక చెబుతాను అంది ఆమె.

పైన రాళ్ళ దారి, సంత, బేరాలు మామూలే. బస్తాలు నిండాక ఘాటు మొదట్లో రెండో గేరు వేసి కాలు తీశాను. ఇంజన్ గట్టిగా మూలిగింది. బండి దాని మీదే కూర్చున్నట్టు నిదానంగా దిగింది. మలుపుల దగ్గర మాత్రం బ్రేకు మీద కాలు ఆనించాను. వెనక లారీ ఒకటి హారను కొట్టి కొట్టి దాటిపోయింది.

కింద చదును తగిలాక ఆపమంది. తానే దిగి వెనక చక్రం దగ్గరికి వెళ్ళి, మొదట అరచెయ్యి దూరంగా పెట్టి, తరవాత దగ్గరగా పెట్టి, ఆఖరికి డ్రమ్ముకి ఆనించింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వచ్చి ఎక్కి కూర్చుని, చేతికంటిన మసి కొంగుతో తుడుచుకుంది.

"వచ్చీ వారానికి ఇంకో రెండు మూటలు ఎక్కువ పంపమని మా అన్నకి ఫోన్ సెయ్యాల" అంది.