లింబయ్య విడిచిన పరకలు

లింబయ్యకు అరవై నాలుగేళ్లు. రెంజల్ అవతల గోదావరిలో వల వేయడం తప్ప ఇంకో పని నేర్చుకోలేదు, నేర్చుకునే ఓపికా ఇప్పుడు లేదు. గోదావరిని ఆయన గంగ అనే అంటాడు. ఆయనకున్న పంచాయితీ ఒక్కటే. పరక చేపలు గుడ్లు పెట్టే వానాకాలం రెండు నెలలూ సన్నకన్ను వల ఆపించాలి. చిటికెన వేలు కూడా దూరని ఆ కన్నుల్లో చిక్కిన వేలెడంత పరకలను బోధన్ అంగట్లో కుప్పలు పోసి అమ్ముతారు. ఇక గంగలో మిగిలేదేమిటి? పదేళ్లుగా మత్స్యకారుల సంఘంలో చెప్పీ చెప్పీ ఆయన నోరు నొప్పి పుట్టిందే గానీ విన్నవాడు లేడు.

నిరుడు నిజామాబాద్ నుంచి పుష్పలత వచ్చింది. చేపల మీద పరిశోధన చేస్తున్న పిల్ల. ఏ కన్నుకు ఎలాంటి చేప పడుతుందో తేల్చి సంఘం ముందు పెడతానంది. వానాకాలమంతా మూడు రకాల కన్నుల వలలు వేసి, పడ్డ ప్రతి చేపనూ మంచుపెట్టెలో పెట్టి ఇమ్మంది. ఆమె వాటి పొడవు కొలిచి, పొట్ట కోసి గుడ్లున్నాయేమో చూసేది. మోకాళ్లు సలిపినా, ముసురు పట్టినా లింబయ్య ఒక్క పొద్దూ మానలేదు.

తీరా సంఘంలో ఆమె లెక్క రాసిన కాగితం చదివితే ఏముంది? సన్నకన్ను వలలో గుడ్ల పరక ఒక్కటీ పడలేదట.

"ఇగ ఆపుడెందుకే? కావాలంటే మళ్లొచ్చే వానాకాలం అయినంక సూద్దాం" అని సంఘం పెద్ద దేవిదాస్ లేచిపోయాడు.

లింబయ్య బయట మెట్ల మీద కూలబడి పుష్పలతను అడిగాడు.

"గుడ్లయి లేకపోవుడేంది బిడ్డా? సగం గవ్వే పడ్డయి గద!"

"నాకు ఒక్కటి గూడ రాలేదు తాతా."

"గుడ్లతోని ఉన్నదాన్ని ఎట్ల తెస్త? మా బాపు కాలం నుంచి గంగకే ఇడుస్తం. సచ్చినయి గూడ గంగలనే ఏసిన."

పుష్పలత తల పట్టుకుంది. "పడ్డ ప్రతి చేప తెమ్మన్న గద తాతా. నువ్వు ఇడిసినయే నాకు కావాల్సినయి."

ఆమె తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు. విడిచిన చేప కూడా పట్టిన చేపే అవుతుందని ఆయన జన్మలో అనుకోలేదు. ఏ తల్లి చేపల మీద జాలిపడ్డాడో వాటి గొంతే కోశాడు.

ఈ ఏడు మళ్లీ వానలు పడ్డాయి, పుష్పలత లెక్కా మళ్లీ మొదలైంది. మొదటి పొద్దున సన్నకన్ను వల లాగితే గుడ్ల పరకలు పదకొండు పడ్డాయి. ఒకటింకా బతికే ఉంది, పొట్ట నిండుగా ఉబ్బి ఉంది. అలవాటుకొద్దీ చేయి నీళ్ల వైపే పోయింది. బలవంతాన వెనక్కి లాక్కున్నాడు. ఏడుపొచ్చింది.

"నీ పిల్లల కోసమే తల్లీ" అంటూ మంచుపెట్టెలో వేసి మూత పెట్టాడు. లోపల అది కొట్టుకుంటున్నంతసేపూ ఆయన రెండో చేపను ముట్టలేకపోయాడు.