చెఫ్ నోయ్ చేయనన్న సలాడ్

ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ముగిసిన మరుసటి చలికాలంలో దోహాలోని ఒక హోటల్లో హైజీన్ ఆఫీసరుగా చేరాను. ఈ ఉద్యోగి వండడు, వడ్డించడు. సరుకు లారీ దిగినప్పటి నుంచి పళ్లెంలోకి చేరేదాకా ఆహారం సురక్షితమా కాదా అన్నది చూస్తాడు. హోదాలో ఎగ్జిక్యూటివ్ చెఫ్ కన్నా కిందివాడే అయినా, అతను వద్దన్న పదార్థాన్ని ఆ చెఫ్ కూడా బయటికి పంపకూడదు. అందుకే వంటింట్లో అతనికి స్నేహితులు తక్కువ.

నేను చేరిన కొద్ది రోజులకే హోటల్ ఒక వారంపాటు లావోస్ వంటలు పెట్టాలనుకుంది. అందుకోసం తమదే మరో హోటల్ నుంచి చెఫ్ నోయ్ అనే ఆవిడను రప్పించారు. నలభై దాటిన మనిషి. మెకాంగ్ నది ఒడ్డు పట్నంలో ఆవిడ తల్లి వీధి పక్కన బండి పెట్టి పచ్చి బొప్పాయి సలాడ్ అమ్మేదట. సన్నగా తురిమిన బొప్పాయిని మిరపకాయలు, వెల్లుల్లి, నిమ్మరసంతో రోట్లో దంచుతారు. మెనూలో మొదటి పేరు దానిదే.

ఆవిడ వచ్చిన మర్నాడు స్టోర్ కీపర్ రాజన్న నా గదికి వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి.

"సార్, గా లావోస్ మేడం ఓ డబ్బా తెచ్చి ఫ్రిజ్‌ల పెట్టింది. వాసన మస్తు గొడ్తుంది. మురిగిపోయిందనుకుంటున్న."

వెళ్ళి మూత తీశాను. అందులో ఉన్నది పాదేక్. నది చేపను ఉప్పు, తవుడు కలిపి నెలల తరబడి ఊరబెడితే తయారవుతుంది. లావోస్ బొప్పాయి సలాడ్‌కు అసలు రుచి దానిదే. నాది నర్సాపురం. ఉప్పు చేప వాసనకూ కుళ్ళు వాసనకూ తేడా నాకు తెలుసు. అది కుళ్ళలేదు. అయినా ముక్కుతో చూసి పాస్ చేసే పద్ధతి మా వృత్తిలో లేదు. తయారీదారు పేరు, తేదీ, అనుమతి పొందిన సరఫరాదారు ఉండాలి. ఇంట్లో ఊరబెట్టిన దానికి ఇవేవీ ఉండవు.

చెఫ్ నోయ్‌ని పిలిచి హోటల్ వంటలో అది వాడకూడదని చెప్పాను. ఆవిడ వాదించలేదు. పారేయాలా అని మాత్రం అడిగింది. సొంతానికి తినే వస్తువు మీద నాకు అధికారం లేదనీ, గదికి తీసుకెళ్ళవచ్చనీ అన్నాను. డబ్బా రెండు చేతులతో పట్టుకుని వెళ్ళిపోయింది. నిర్ణయం సరైనదే.

అసలు చిక్కు మర్నాడు రుచి చూసే సమావేశంలో వచ్చింది. కోడి కైమాతో చేసిన లాప్, బొగ్గుల మీద కాల్చిన కోడి, బుట్టలో ఆవిరికి ఉడికిన జిగురు అన్నం అందరికీ నచ్చాయి. కాల్చిన టమాటా, మిరపకాయలు దంచిన జేవ్‌ను రాజన్న నాలుకకు రాసుకుని, "ఇది మా ఇంటికాడి టమాట తొక్కే గద సార్" అన్నాడు. బొప్పాయి సలాడ్ మాత్రం బల్ల మీద లేదు. సీసాల్లో దొరికే థాయ్ ఫిష్ సాస్‌తో చేయమని ఎగ్జిక్యూటివ్ చెఫ్ చెప్పాడు. చెఫ్ నోయ్ వంటింటి ఇంగ్లీషులో నెమ్మదిగా జవాబిచ్చింది. తెలుగులో చెప్పాలంటే ఇది:

"అది థాయ్ సలాడ్ అవుతుంది. మంచిదే. ఆ పేరు పెట్టండి, చేస్తాను. లావోస్ పేరు పెడితే చేయను."

తినేవాళ్ళకు తేడా తెలియదని ఆయన అన్నాడు. చేయకపోతే రేపటి విమానానికి టికెట్ తీయిస్తానన్నాడు. అలా మధ్యలో తిప్పి పంపితే పాత హోటల్లో ఉద్యోగం నిలవదని ఆవిడకు తెలుసు. తలొంచుకుని నిలబడింది గానీ మాట మార్చలేదు. ఆయన నావైపు తిరిగి సాస్ విషయంలో అభ్యంతరం ఉందా అని అడిగాడు.

సాస్ సురక్షితమే అన్నాను. అయితే వంటకం ముందు పెట్టే, దాని పేరూ అందులోని పదార్థాలూ రాసిన కార్డును పాస్ చేసేది కూడా నేనే. అలర్జీ ఉన్నవాళ్ళు దాన్ని నమ్మే తింటారు. అందుకని ఇలా చెప్పాను: "వండే మనిషే ఇది అది కాదంటోంది. లావోస్ పేరుతో కార్డు పాస్ చేయలేను."

లావోస్ వారంలో థాయ్ పేరు పెట్టలేక ఆయన మెనూలో సలాడ్ కొట్టేసి, ఆ చోట జేవ్ పెట్టమన్నాడు. టికెట్ మాట మళ్ళీ ఎత్తలేదు. నాతో మాత్రం ఆ నెలంతా ముభావంగానే ఉన్నాడు.

ఆ వారం రెండో సాయంత్రం దోహా శివారు ఐన్ ఖాలిద్ నుంచి ఒక లావోస్ కుటుంబం వచ్చి బొప్పాయి సలాడ్ ఏదని అడిగింది. చెఫ్ నోయ్ బయటికి వెళ్ళి ఎందుకు లేదో చెప్పింది. వాళ్ళు నవ్వి, జిగురు అన్నం వేళ్ళతో ముద్ద చేసి జేవ్‌లో అద్దుకుని తిన్నారు. వారం ముగిశాక ఆవిడ తన హోటల్‌కు, తన ఉద్యోగానికి తిరిగి వెళ్ళింది.

కార్డు పాస్ చేయనని నేనన్నది ఆవిడ మీద జాలితో కాదు. కార్డు మీద పేరు అబద్ధమైతే, కిందనున్న "చేప ఉంది, వేరుశనగ లేదు" అన్న వరుసను ఎవరైనా ఎందుకు నమ్మాలి? అంతకుముందు పేర్ల సంగతి నా పని కాదనుకునేవాణ్ణి. ఆ తర్వాత పదవీ విరమణకు మిగిలిన కొద్దికాలమూ, కార్డు అచ్చుకు పంపేముందు వండినవాళ్ళను పిలిచి ఈ వంటకం పేరేమిటని అడిగేవాణ్ణి.