మేక ఎక్కని గుట్ట

నేను పిల్లలకు ఫోన్‌లో లెక్కల ఆటలు తయారుచేస్తాను. ఇబ్రహీంపట్నంలో కిరాణా దుకాణం పైన ఒక అద్దె గది, రెండు కంప్యూటర్లు, నేను, బొమ్మలు గీసే ఇంకొకామె. భయం మాత్రం నా ఒక్కదానిదే. ఆట బయటికి పోయిన రోజు నుంచి నాకు అన్నం సహించదు. ఎక్కడో ఒక పిల్ల నా వల్ల బిక్కమొహం వేసుకుని కూర్చుందేమో అనిపిస్తుంది. మా ఇంట్లో దీన్ని పిచ్చి అంటారు.

పోయిన సంవత్సరం మేక ఆట చేశాం. లెక్క సరిగ్గా చేస్తే మేక గుట్ట మీద ఒక మెట్టు ఎక్కుతుంది, తప్పైతే జారుతుంది. పది అంకెలు లెక్కపెట్టేలోగా జవాబు రాకపోతే గంట మోగుతుంది, అది కూడా తప్పు కిందే లెక్క. ఆ గంట నా ఆలోచనే, దాని గురించి అందరి దగ్గరా గొప్పగా చెప్పుకున్నాను. ఇంకో తెలివి కూడా చూపించాను. పిల్లలు బాగా చేసేకొద్దీ లెక్కలు వాటంతటవే కష్టమవుతాయి. మంచాల దారిలోని ఒక బడి టీచరమ్మ, రెండో తరగతి పిల్లల ఇళ్లలో ఆడించి చూస్తానంది.

ఎవరి ఇంట్లో ఎలా ఆడుతున్నారో నా కంప్యూటర్‌లో కనిపిస్తుంది. వారం తిరక్కుండానే ఒక ఇంటి మేక సగం గుట్ట ఎక్కింది. మురిసిపోయాను. ఆ మర్నాడు అన్నీ తప్పులే. మేక జారి జారి అడుగుకొచ్చింది. తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆట తెరవలేదు. టీచరమ్మను అడిగి ఆ ఇంటికి బస్సెక్కాను.

తల్లి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. "ఏమైందో ఏమో అక్కా, ఫోన్ ముట్టమంటే ముడ్తలేదు. బడిల గూడ లెక్కల పుస్తకం తీస్తలేదంట" అంది. పిల్ల ఆమె వెనక నక్కింది. ఏమైంది బిడ్డా అని అడిగాను.

"నాకు లెక్కలు రావు. ఫోన్ గూడ గదే చెప్పింది."

ఆరో తరగతి చదివే వాళ్లక్క అప్పుడు అసలు సంగతి చెప్పింది. చెల్లె ఆలస్యం చేస్తుంటే మేక జారుతోందని, పాపం అనిపించి రోజూ ఫోన్ తనే తీసుకుందట. "నేను మస్తు పైకి ఎక్కిచ్చిన మేడం" అంది, మెచ్చుకుంటానని ఆశగా. అక్క పరీక్షకు చదువుకుంటున్న రోజు చెల్లె ఒక్కతే కూర్చుంది. అక్క స్థాయి లెక్కలు ఆమె మీద పడ్డాయి.

తప్పు ఆ పిల్లలది కాదు. ఇంటికొక ఫోన్ ఉంటే దాని మీద ఇంటిల్లిపాది చేతులూ పడతాయి. చిన్నప్పుడు మా అక్క నా పలక మీద రాసిచ్చిన లెక్కలు చూపించి మెప్పు పొంది, బోర్డు దగ్గరికి పిలిస్తే వణికినదాన్ని నేను. అలాంటిదాన్ని, ఒక ఫోన్‌కు ఒక బిడ్డ అనుకున్నాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

ఆట మొదట్లోనే ఇప్పుడు ఆడేది ఎవరని అడిగేలా, ఒక్కొక్కరికి ఒక్కో మేక ఉండేలా మార్చి, పది రోజుల తర్వాత మళ్లీ వెళ్లాను. ఈసారి కూడా జారితే ఆ పిల్ల ఇక లెక్కల జోలికే పోదని నా భయం.

తల్లి బతిమాలితే ఫోన్ పట్టుకుంది. తెల్ల మేకను ఎంచుకుంది. అక్క చెయ్యి చాస్తే తోసేసింది. ఏడులోంచి మూడు తియ్యాలి. వేళ్లు మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. గంట సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. దాన్ని తీసెయ్యడం మరిచిపోయాను. అది మోగింది, మేక జారింది.

"నాలుగు" అంది పిల్ల, నా వైపు చూసి.

"నాలుగే బిడ్డా. నువ్వు చెప్పిందే కరెక్టు. ఫోనే తప్పు చెప్పింది" అన్నాను.

కాసేపు ఫోన్‌నే చూసింది. తర్వాత వెనక్కి తిరిగింది.

"అక్కా, ఫోన్‌కు గూడ లెక్కలు రావంట."